వసారా ఒక జిల్లా, వంటిల్లు ఒక జిల్లా

మొన్న నరసరావుపేట నుంచి బస్సులో వస్తుంటే, రోడ్డు పక్కన జిల్లా సరిహద్దు బోర్డుకు మళ్లీ రంగు వేస్తున్నారు. ఆ బోర్డంటే నాకెంత గౌరవమంటే, బస్సు దాన్ని దాటేదాకా అటువైపు కిటికీ మూసుకు కూర్చుంటాను. దాని వెనకే మా పెద్దమ్మ ఇల్లు. గాలి బాగా వస్తుందని తాతయ్య సరిగ్గా రెండూళ్ల పొలిమేర మీద కట్టాడు. రెండూళ్లూ ఒకే జిల్లాలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. జిల్లాను చీల్చిన పెద్దలకు గాలి సంగతి తెలియదు గనక, వారి గీత ఆ ఇంటి గడప మీదుగా పోయింది. నాపరాళ్లు పరిచిన వసారా ఒక జిల్లా, లోపలి గదీ వంటిల్లూ ఇంకో జిల్లా. పెద్దమ్మ కంచం పట్టుకుని వసారాలోకొస్తే పొరుగు జిల్లాకు ప్రయాణం చేసినట్టే.

దూరపు బోరు నుంచి బిందెలు మోసీ మోసీ ఆవిడ నడుం మొరాయించింది. ఇంటికి కుళాయి కావాలి. అర్జీ రాసే గొప్ప బాధ్యత నాది. బళ్లో వ్యాసరచనకిచ్చిన బహుమతి గర్వం ఇంకా దిగలేదేమో, "ఇల్లు రెండు జిల్లాలలోనూ ఉన్నది" అని ఉన్నదున్నట్టు రాసి, రెండూళ్ల పంచాయతీల్లోనూ ఇచ్చాను. "మీది అవతలి జిల్లా" అంటూ రెండుచోట్లా తిప్పి పంపారు. తలరాత సంగతేమో గానీ, నా చేతిరాత ఆవిడ కుళాయిని కట్టేసింది.

"ఒరేయ్, ఒక్క అబద్ధం రాయలేకపోయినావు. అన్నేళ్లు ఏం చదివావురా?" అంది పెద్దమ్మ.

చివరికి ఒక సర్వేయరు టేపుతో దిగాడు. చెప్పులు విప్పకుండా వసారా ఎక్కి, గడప మీద సుద్దగీత గీసి, నులకమంచం వైపు చూశాడు.

"పడుకునేది ఎక్కడమ్మా? అదే నివాసం."

"ఎండాకాలం వసారాలో, వానాకాలం లోపల. ఏందయ్యా, మంచం జరిపినప్పుడల్లా నీకు చెప్పాలా?"

"ఇట్టా రెండు పక్కలా ఉంటే కుళాయి రాదమ్మా. ఇల్లంతా ఒక పక్కే ఉండాల."

ఇంత చిన్న మాట అనడానికి అంత పొడుగు టేపు దేనికో నాకిప్పటికీ తెలియదు. పెద్దమ్మ మర్నాడే మేస్త్రీని పిలిపించి, వసారా పీకెయ్యమంది. నేను అడ్డంపడ్డాను.

"తాతయ్య కట్టింది పెద్దమ్మా! ఎండాకాలం ఎక్కడ పడుకుంటావు?"

"ముందు తాగాల గదరా. పడుకునేది తర్వాత."

రెండ్రోజుల్లో ఇల్లు మ్యాపులోకి ఇమిడిపోయింది. వారంలో కుళాయి వచ్చింది. దాన్ని తిప్పడానికి దండలు వేసుకుని రెండూళ్ల నాయకులూ వచ్చారు. ఎండలో ఫోటోలు దిగి, చెమటలు తుడుచుకుంటూ, "కూసింత నీడ లేదా అమ్మా ఇక్కడ?" అనడిగారు.

"ఉండేది నాయనా, పక్క జిల్లాలో" అంది పెద్దమ్మ.

ఆ నాపరాళ్లు మూడు తరాల వేసవుల్లో వీపులు ఆనీ ఆనీ నున్నబడ్డాయి. జిల్లా గీత గీసినాయనకు ఒక్క మధ్యాహ్నం పట్టి ఉంటుంది, అదీ భోజనం తర్వాత.