గుమ్మం దగ్గర మొదలుపెట్టిన అలుకు

ఇప్పటి ఇళ్ళకు దొడ్డివాకిలి ఉండటం లేదని నాకు చాలాకాలంగా చిన్న అసంతృప్తి. ఎంత దగ్గరి చుట్టమైనా ముందు తలుపు దగ్గర నిలబడి గంట నొక్కాల్సిందే. మనం లోపల చొక్కా తొడుక్కుని, ముఖానికి కాస్త మర్యాద పులుముకుని, అప్పుడు తీరిగ్గా తలుపు తీస్తాం. ఆ రోజుల్లో అలాంటి గడువు ఎవరూ ఇచ్చేవారు కారు. ముఖ్యంగా, పిల్లనివ్వడానికి ఇల్లు చూడవచ్చిన ముసలమ్మలు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేను గుంటూరులో బి.ఏ. ముగించి, దాంతో ఏం చేయాలో తెలియక ఇంట్లో ఉన్నాను. మా ఇంట్లో మూడు రకాల నేలలుండేవి. ముందుగదిలో మా నాయన కొత్తగా వేయించిన ఎర్రటి సిమెంటు గచ్చు, నడిమింట్లో నాపరాళ్ళు, వెనక దొడ్లో విడిగా ఉన్న వంటింట్లో తాతలనాటి మట్టినేల. నాపరాళ్ళను కొబ్బరిపీచుతో రుద్ది కాసిని నీళ్ళు కొడితే చాలు, మారుమాట్లాడేవి కావు. మట్టినేలను అమ్మ పేడతో అలికి, అంచులకు ముగ్గుగీత లాగేది. ఎర్రగచ్చు మాత్రం నాయన సొంత శాఖ. మేస్త్రీ చెప్పినట్టు కొవ్వొత్తులు కరిగించి, కిరసనాయిల్లో కలిపి, పాత పంచెముక్కతో తోమేవాడు. (అందులో ముఖం చూసుకుని మీసం కత్తిరించుకోవచ్చని ఆయన వాదన. ఎవరూ ప్రయత్నించలేదు.)

ఇలా ఉండగా గిద్దలూరులో ఒక పెళ్ళికి వెళ్తే, కొమరోలు నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు మజ్జిగ పోసింది. నాకు దాహం లేదు. అయినా ఆమె చేతిలో చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను. సంగతి పసిగట్టిన అమ్మ వాళ్ళకు కబురు పంపించింది. పిల్ల వాళ్ళవ్వ వచ్చి ఇల్లు చూస్తుందనీ, ఆమె ఊఁ అంటే పెళ్ళి, లేదంటే లేదనీ జవాబొచ్చింది. నేను పైకి ‘చూద్దాం’ అన్నాను గానీ, అన్నం సరిగా దిగడం మానేసింది.

అవ్వ సాయంత్రం రైలుకు వస్తుందనగా, ఆ పొద్దున నాయన గచ్చును మామూలుకంటే ప్రేమగా తోమాడు. అమ్మ దానిమీద కాలు పెట్టి, జారి, చెయ్యి బెణికించుకుంది. మణికట్టుకు కట్టుతో మంచంమీద కూర్చుని తన మాట చెప్పేసింది.

“అలకని నేలమీద పొయ్యి ముట్టించేది లేదు. వచ్చినోళ్ళకు ఏం పెడతారో మీ ఇష్టం.”

ఎప్పుడూ సాయానికొచ్చే పక్కింటి పిన్నమ్మ, కూతురి కాన్పుకని దర్శి వెళ్ళింది. నాయన నావైపు తిరిగాడు.

“ఇన్నేళ్ళు చదివినావు. ఆ మాత్రం అలకలేవా?”

అలకగలను. పంచె ఎగగట్టి, పేడ కలిపిన చట్టి పక్కన పెట్టుకుని, గుమ్మం దగ్గర మొదలుపెట్టి, అర్ధచంద్రాలు దిద్దుకుంటూ లోపలికి సాగాను. పని ముచ్చటగా వస్తోందని నాకే అనిపించింది. చివరి మూలకు చేరి తలెత్తితే, నాకూ వంటింటికున్న ఆ ఒక్క గుమ్మానికీ మధ్య నేలంతా తడిగా మెరుస్తోంది. ఎక్కడ కాలు పెట్టినా అచ్చు పడుతుంది. (మూలలో మొదలుపెట్టి గుమ్మంవైపు వెనక్కి రావాలని మా వీధిలో గౌన్లు వేసుకునే పిల్లలకు కూడా తెలుసు. మా కాలేజీలో చెప్పలేదు.) ఆరేదాకా మూలనున్న రోలెక్కి కూర్చున్నాను. రోలుమీద కూర్చోకూడదంటారు, మరో ఆసనం లేదు. అవ్వ రావడానికి ఇంకా చాలా వేళుంది కదా.

అవ్వ మధ్యాహ్నం రైలుకే వచ్చింది. తర్వాత నాయన చెప్పినదాన్నిబట్టి, ముందుగదిలో ఒక కాలు పెట్టి, వెంటనే తీసేసి, “ఇదేంది నాయనా, మనుషులు నడిచేదానికేనా?” అని, పక్క సందులోంచి నేరుగా దొడ్డివాకిలికి నడిచింది. ఇల్లు చూడటమంటే ఆమె లెక్కలో వంటిల్లు చూడటమే. గుమ్మంలో తెల్లచీర కనబడేసరికి నేను రోలుమీద, మోచేతులదాకా పేడతో ఉన్నాను.

“ఎవురబ్బా అది, రోలెక్కి కూచున్నది?”

“నేనేనవ్వా. పెళ్ళికొడుకును.”

“అట్లనా! దిగి రా, చూస్తా.”

“తడి ఆరలేదవ్వా.”

ఆమె నేలను చూసింది. గుమ్మాన్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

“ఏం చదివినావు?”

“బి.ఏ.”

“దాంట్లో గుమ్మం కాడ మొదలుపెట్టమని రాసినారా?”

“లేదవ్వా. అది నా సొంతం.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గడప అవతల గొంతుక్కూర్చుంది.

“చట్టి తీసుకోని దిగు. ముందు ఆ మూల ఒక చెయ్యి తిప్పు. ఆఁ. ఇంగ వెనక్కి రా. నీ అడుగు నువ్వే మాపుకుంటా రా.”

దిగాను. ఒకడుగు వెనక్కి వేయడం, ముందున్న అచ్చును అలికేయడం.

“నన్నేంది చూసేది? చేతి దిక్కు చూడు. ఇంగా వంగల్ల!”

ఇంకా వంగాను. ఈలోగా ఆమెను వెతుక్కుంటూ నాయన వచ్చి, ఈ దృశ్యం చూసి, “వీనికి ఇట్లాంటివంటే సరదా పెద్దమ్మా” అని ఒక అబద్ధం ప్రయత్నించాడు. ఎవరూ పట్టించుకోలేదు. మొత్తానికి గుమ్మం చేరుకున్నాను. కాబోయే మనవడిని మొదటిసారి దగ్గరగా చూసే అవకాశం ఆమెకు ఏ వైపునుంచి దక్కిందో విడమర్చి చెప్పను.

ఆ తర్వాత ఉద్యోగంలో నన్ను చాలామంది పెద్దలు అంచనా కట్టారు, పేజీలకు పేజీలు. అవన్నీ మరిచిపోయాను. వంగి వెనక్కి నడుస్తూ, మనసులో కొమరోలునే తలుచుకుంటూ తన అచ్చులు తానే చెరుపుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ కాస్త జాలి, కాస్త ముచ్చట. నేను గుమ్మం దాటి నడుము నిలబెట్టుకునేసరికి, నాయన గొంతు సవరించుకుని అడగనే అడిగాడు.

“పిల్లోడు ఎట్ల ఉన్నాడు పెద్దమ్మా?”

అవ్వ చెంగు దులుపుకుని లేచింది.

“బుర్ర లేదు. చెప్తే వింటాడు. ముహూర్తం పెట్టుకోండి.”