ఖాసిం చూడని పసుపు చెట్లు

లారీ ఒకటి. డ్రైవరు. వెనక చెక్క బల్లల మీద వేరే కంపెనీ సిపాయిలు. డబ్బా నిండా రొట్టెలు, ఎవరిదో కెమెరా, నేను. ఆ ఉదయం అక్కడ ఉన్నవి ఇవి. ఉండవలసినవాడు ఖాసిం. వాడు లేడు. ఆ లేకపోవడాన్ని మూడేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

యుద్ధం ముగిశాక జపానులో కాపలాకి పంపిన పటాలంలో మేమిద్దరం సర్వే పని చేసేవాళ్ళం. నాది నందిగామ, వాడిది జగ్గయ్యపేట. ఆకు రాలే కాలంలో అక్కడొక బాట పొడవునా చెట్లు రంగు తిరుగుతాయని, చూడ్డానికి లారీ వెళుతుందని చెప్పారు. మా గుడారానికి ఒక్క చోటే ఇచ్చారు. అగ్గిపుల్లలు తీశాం. పొడుగుపుల్ల వాడికి వచ్చింది. రేపు చూడబోతున్నానని ఆ సాయంత్రమే ఇంటికి ఉత్తరం రాసేశాడు.

తెల్లవారుజామున కాపలా దిగి వచ్చాడు.

"లారీ ఎన్నింటికిరా?"

"రద్దయిందట. పడుకో."

"దరిద్రం! నా మొహానికి అదొకటి." బూట్లతోనే ముడుచుకున్నాడు.

నేను వెళ్ళాను. సిగ్గుపడుతున్నానా? ఆ చెట్లను తలుచుకుంటే, లేదు. బాటకి రెండు వైపులా, కొలిచి నాటినట్టు సమానదూరంలో నిలబడ్డాయి. ఆకు చిన్న విసనకర్రలా ఉంటుంది. కొమ్మల మీద పసుపు, నేల మీద పసుపు, అటుగా నడిచే ముసలమ్మ భుజం మీదా పసుపే. రాలిన కాయలు మాత్రం భరించలేని కంపు. అలాంటి ఉదయం మళ్ళీ వస్తే మళ్ళీ అబద్ధమాడి వెళతాను.

ఇప్పుడు నేను రోడ్ల ఓవర్సీరుని. పని మీద జగ్గయ్యపేట వెళ్ళినప్పుడల్లా ఖాసిం సైకిలు కొట్టులో కూర్చుంటాను. ఉత్తరం చదివినవాళ్ళందరూ అడిగేసరికి, చూడలేదని చెప్పలేకపోయాడు. చూశానంటాడు. మిరప కల్లంలా ఎర్రగా ఉన్నాయంటాడు. సంపెంగల వాసనంటాడు. మొన్న పక్క కొట్టు శెట్టిగారు నవ్వారు.

"కోతలు కొయ్యమాక సాయిబూ! ఎర్రటి ఆకులకి సంపెంగ వాసనా?"

"ఓవర్సీరుగారిని అడగండి. చెప్పరా, ఎర్రగా లేవూ?"

నేనూ చూడలేదనే వాడి నమ్మకం. కళ్ళతోనే బతిమాలాడు.

"ఎర్రగానే ఉన్నాయండి," అన్నాను.

శెట్టిగారు వెళ్ళాక వాడు నాకు గోలీసోడా కొట్టించాడు. "స్నేహితుడంటే నువ్వురా," అన్నాడు. తాగాను. పసుపు అని ఒక్క మాట అంటే వాడి పరువూ పోయేది, నా గుట్టూ పోయేది. నేను కాపాడింది దేన్ని? చోటు ఒకటి, ఆశపడినవాళ్ళం ఇద్దరం, కాబట్టి ఎవరో ఒకరే చూడాలి అని ఇన్నాళ్ళూ నాకు నేనే వాదించుకున్నాను. గట్టి వాదనే.

కానీ లారీ కదిలేముందు ఒక సిపాయి జ్వరమని దిగిపోయాడు. "మీ గుడారంలో ఇంకెవరన్నా ఉన్నారా?" అని డ్రైవరు నన్నే అడిగాడు. కేకేస్తే వినబడే దూరం. అప్పటికే అబద్ధం ఆడేశాను మరి. లేరన్నాను.

బల్లల మీద చోట్లు పన్నెండు. వెళ్ళినవాళ్ళం పదకొండుగురం.