వంకర ముఖం

గ్రొటెస్క్‌లీ అనే ఇంగ్లీషు మాట మా క్లాసులో ఎవరికీ తెలియకముందే నా డైరీలో ఉంది. చూసేవాళ్లు జడుసుకునేంత వింతగా, వికారంగా అని అర్థం రాసుకున్నాను. అందంగా లేని ప్రతిదానికీ అది వాడకూడదు, రూపం వంకరలు పోయినప్పుడే వాడాలి. ఆ పేజీని నంద్యాల కాలేజీలో నా పక్కన కూర్చునే ఆళ్లగడ్డ అమ్మాయికి చూపించింది నేనే.

ఒకరోజు మేడమ్ అదే మాట బోర్డు మీద రాశారు. దానితో మంచి వాక్యం చెప్పినవాళ్లు వార్షికోత్సవంలో ఇంగ్లీషులో మాట్లాడతారన్నారు. ఆ అవకాశం నాకు కావాలి. గోడ మీద నీడ గ్రొటెస్క్‌లీ సాగిందని నా వాక్యం సిద్ధంగా ఉంది. లేవడానికి ధైర్యం కూడదీసుకుంటుండగానే ఆమె లేచింది. ఇళ్లకు దిష్టి తగలకుండా వాళ్ల నాయన రాతి ముఖాలను గ్రొటెస్క్‌లీ చెక్కుతాడని చెప్పింది. మేడమ్ ఆమెనే ఎంచుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కాస్త ఆలస్యంగా.

ఆ ఆదివారం ఆమె పిలిస్తే ఆళ్లగడ్డ వెళ్లాను. ఆమె వాక్యంలో తప్పు దొరుకుతుందేమోనని నా ఆశ. రేకుల కింద వాళ్ల నాయన ఒక ముఖం చెక్కుతున్నాడు. దాని నాలుక బయటికి వేలాడుతోంది.

"ఒక కన్ను పెద్దదైంది కదా?" అన్నాను.

"కావాలనే సేసినా పాపా. రెండూ సమంగా సెక్కితే అందమొస్తాది. అప్పుడు దీన్ని సూసి కూడా కుళ్లుకుంటారు."

నేను తల దించుకున్నాను.

"ఆ ఇంగ్లీషు మాట ఈ పిల్లదే నాయనా. దీని డైరీలో చూసినా" అంది ఆమె.

"అట్లయితే నువ్వే సెప్పాల్సింది గదమ్మా?" అన్నాడాయన నాతో.

"ఇదా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం దీనికి" అని నవ్వి, నా వైపు తిరిగింది. "స్టేజీ మింద చెప్పేది నువ్వే రాసియ్యి మే. నేను చదువుతా."

ఆమె నా మాటను దొంగిలించి ఉంటే బాగుండేది. దాచకుండా చెప్పేసింది. పైగా ఆ మాటను ఆనించడానికి ఆమెకు ఒక రాయి ఉంది, నాయన ఉన్నాడు. నాకు డిక్షనరీ ఉంది.

"రాయను" అన్నాను. ఆ రోజు నేను గట్టిగా పలికింది అదొక్కటే. ఆమె మొహం చిన్నబోయింది.

నంద్యాల బస్సులో డైరీ తీశాను. నీడ గురించిన వాక్యం కొట్టేసి, ఆమె చెప్పిన వాక్యం రాసుకున్నాను. అది ఎవరిదో మాత్రం రాయలేదు.