ఏకాంబరం చూపిన చోటు

సముద్రం వదిలి పలమనేరు చేరి రెండేళ్లయినా ఏకాంబరం టీ అంగడి ముందు కాళ్లు ఎడంగా పెట్టే నిలబడతాడు, కింద నేల ఊగుతున్నట్టు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. నడిసముద్రంలో ఒక చమురు క్షేత్రాన్ని తెరవడానికి తొమ్మిదేళ్లు ఇంజనీర్లను నడిపించాడు. బావుల చోట్లన్నీ తానే ఎంచాడు. ఏడాది తిరక్కుండానే వాటిలో చమురు పోయి ఉప్పునీళ్లు పొంగాయి. క్షేత్రం మూసేశారు. ఎవరైనా అడిగితే "అయిపోయిందప్పా" అంటాడు, అంతే.

మొన్న ఎండాకాలం పక్క చేను మునిచంద్ర వచ్చాడు. అతని టమోటా తోట ఎండిపోతోంది.

"సముద్రం అడుగున నూనె సూసినోడివి, మా సేన్లో నీళ్లు యాడుండాయో సెప్పలేవా అన్నా?"

"ఈడంతా బండప్పా. బోరు వద్దు."

మునిచంద్ర కదల్లేదు. ఆ మొహం చూడలేక, తెలియకపోయినా ఏకాంబరం ఒకచోట మడమతో గుర్తు పెట్టాడు. మర్నాడు బోరు లారీ వచ్చింది. సాయంత్రానికి బోరు పన్నెండు వందల అడుగులు దిగింది. తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు.

"పోనీలేన్నా, నీ తప్పేముండాది" అన్నాడు మునిచంద్ర కళ్లు తుడుచుకుంటూ.

ఏకాంబరం ఆ దుమ్ములోనే కూలబడ్డాడు. "తిట్టప్పా. ఆడ సముద్రంలో గూడా నన్ను ఎవురూ ఒక్క మాట అన్లేదు."

మునిచంద్ర అతన్ని లేపడానికి చెయ్యి అందించాడు.