గోవిందన్న ఎదుట దాచిన బీడీ

హులిగమ్మ ఎవరినీ నమ్మదు. గోనెగండ్ల నుంచి కౌతాళం దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చిన నాటి నుంచీ అంతే. కొలిచిన బియ్యాన్ని మళ్లీ కొలుస్తుంది, పాలలో వేలు ముంచి చూస్తుంది. దేవుడు ఎదురొచ్చినా రేషన్ కార్డు చూపించమనే రకమని ఊళ్లో నవ్వుకునేవారు. నవ్వేవాళ్లకేం, పోయింది వాళ్లది కాదు కదా. ఆమెకు రెండుసార్లు కడుపు నిలబడలేదు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, ఆమె నోరే తగిలిందని కూడా అన్నారు. హులిగమ్మ అనుమానం మాత్రం భర్త తిక్కయ్య చొక్కా మీద. ఊరి పెద్ద గోవిందన్న పత్తిచేలకు పురుగుమందు కొట్టి వచ్చాక ఆ చొక్కా ఉతికితే చాలు, ఆమెకు కళ్లు తిరిగేవి.

అది ఎనభైల కాలం. పత్తికి పురుగు పెరిగింది, దాంతో మందూ పెరిగింది. అప్పుడే ఆ ఊళ్లో డాక్టర్ మహమూదా జీపు దిగింది. పుట్టింది ఆదోనిలో, పని పట్నం కాలేజీలో. మందు కొట్టేవాళ్ల నెత్తురూ కొట్టనివాళ్ల నెత్తురూ తీసుకుపోయి పోల్చి చూస్తానంది.

"మన నెత్తురు కణాల్లో అమ్మానాయనల నుంచి వచ్చిన సన్నని పోగులుంటాయి. పిల్లలకు పోయేవీ అట్లాంటివే. మందుకు అవి తెగుతాండాయేమో చూస్తాం," అని చెప్పింది.

"కంటికి కనపడని పోగు తెగిందని ఎవరు సూడొచ్చినారు? నెత్తురు అమ్ముకుంటారో ఏమో," అని హులిగమ్మ గొణిగింది. అయినా తిక్కయ్యను ముందుకు తోసింది ఆమే. ఆమెకు మళ్లీ నెల తప్పింది మరి. ఫలితం తేలేదాకా మందు డబ్బా ముట్టనని తిక్కయ్య ఆమె తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. మగవాళ్లను చావడిలో కూర్చోబెట్టి, ఏవేవో అడిగి, నెత్తురు తీశారు. ఆడవాళ్లను బయటే ఉండమన్నారు.

పత్తి పూతకొచ్చే వేళకు జీపు మళ్లీ చావడి ముందుకు వచ్చింది.

"రెండు వైపుల వాళ్ల పోగులూ ఒకే మాదిరి తెగినాయి. కాబట్టి మందు వల్లనే అని చెప్పలేం," అంది డాక్టరమ్మ.

గోవిందన్న మీసం దువ్వుకున్నాడు. "వింటివా తిక్కయ్యా? పొద్దున్నే వచ్చి డబ్బా ఎత్తుకో."

నోట్లో నాలుక లేని తిక్కయ్య తల ఊపాడు. అది విని హులిగమ్మ పరుగెత్తింది. తిరిగి పోతున్న జీపుకు అడ్డం నిలబడింది.

"గోవిందన్న ఇంట్లో కాపీ తాగినావు, ఆయన మాటే సెప్పినావు. నిజం సెప్పు డాక్టరమ్మా!"

మహమూదా ముఖం ఎర్రబడింది. "కాఫీ తాగింది నిజమే. దాచింది మాత్రం ఏమీ లేదు హులిగమ్మా. బీడీ పొగకు కూడా ఆ పోగులు తెగుతాయి. అందుకని అదీ అడిగినాను. ఒక్కరూ తాగరన్నారు. నాగప్ప కూడా."

నాగప్ప హులిగమ్మ సొంత తమ్ముడు. అక్క వెంట వచ్చి ఆ ఊళ్లోనే గొర్రెలు కాస్తాడు, మందు జోలికి పోడు. గొర్రెలు వాణ్ణి పొగను బట్టే గుర్తుపడతాయని అందరూ ఎగతాళి చేస్తారు. హులిగమ్మకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"అడిగినప్పుడు ఆడ ఎవరు కూసున్నారు?"

"గోవిందన్న."

"ఇంకెవడు సెప్తాడు తల్లీ! పెద్దాయన కనపడితే కాలే బీడీని గుప్పిట్లో దాసుకోని సెయ్యి కాల్చుకునే ఊరు ఇది. మందు కొట్టేవాళ్లకు దగ్గుతో బీడీ యాడ పడుతుంది? తాగేదంతా ఆ గొర్రెలోళ్లు, బండోళ్లే!"

మహమూదా జీపులోంచి కాగితాల కట్ట తీసింది. "అట్లయితే మందు కొట్టనివాళ్ల పోగులు బీడీకి తెగి, రెండు వైపులా ఒకే మాదిరి కనపడి ఉంటాయి. ఎవరిని, యాడ, ఎవరి ముందు అడిగినామో కూడా రిపోర్టులో రాయాల. ఉత్త ఫలితం రాస్తే చదివేవాళ్లు మోసపోతారు. ముందు నేనే మోసపోయినాను," అంది.

ఇద్దరూ చావడికి వెనక్కి నడిచారు. మహమూదా నాగప్పనే అడిగింది. వాడు గోవిందన్న వైపు చూశాడు, అక్క కడుపు వైపు చూశాడు, తల దించుకున్నాడు.

"అలవాటు లేదు మేడం."

ఊరందరినీ అనుమానించిన హులిగమ్మ తమ్ముణ్ణి ఏనాడూ అనుమానించలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఈ ఫలితం చెల్లదు," అంది మహమూదా అందరికీ వినబడేలా. "ఒక్కొక్కరినీ విడిగా అడిగి, మళ్లీ నెత్తురు తీసి చూడాల. అంతదాకా మందుతో హాని ఉందో లేదో నాకు తెలీదు."

"తెలీదంటే లేదనే గదా," గోవిందన్న నవ్వాడు.

హులిగమ్మ కళ్లు తుడుచుకుని, ఆ ఊరి కోడళ్లెవరూ ఎక్కని చావడి మెట్టు ఎక్కింది.

"లేదనే అయితే, పొద్దున డబ్బా నీ కొడుకు భుజానికెయ్యి అన్నా. మా ఇంటాయన గట్టు మీద కూసోని సూస్తాడు."

కొడుకు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. గోవిందన్న చటుక్కున అతని మణికట్టు పట్టుకుని తన వెనక్కి లాక్కున్నాడు.

చావడిలో అందరూ చూశారు. తిక్కయ్యా చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గోవిందన్నకు ఒక్క మాటైనా చెప్పకుండా, భార్యను తీసుకుని ఇంటికి నడిచాడు.