దేవుని కుండలో గింజలు

మా ఆమె ఎసట్లో కొర్రలు పోసే ముందు ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. ఆదివారం అది మా చర్చి గుడికి చేరాలి. కరువొచ్చిన ఏడాది పిల్లలు పస్తున్నా ఆమె ఆ కుండ ముట్టలేదు. నేను ముట్టాను. ఆ గింజలు సారాయి అంగడిలో ఇచ్చి తాగాను.

తాగుడు మానిన మూడో నెలలో ఆ సంగతి సంఘం ముందు ఒప్పుకున్నాను. పాస్టరు అయ్యగారు, "ఇంటింటికీ పోయి గింజలు ఎత్తుకొచ్చే పని ఇంగ నీది" అన్నారు.

"దొంగ చేతికా అయ్యగారూ?"

"నువ్వేందో దేవునికి తెలీదా ఏమప్పా? సంచి పట్టుకొని పో."

మా గడప ముందు తల ఎత్తలేకపోయాను. మా ఆమె సంచిలో గింజలు పోసి, "మూతి గట్టిగా కట్టుకో, రాలిపోతాయి" అంది.

తాగుడు మానుతున్న తమ్ముడూ, నా సిగ్గు ఇంకా పోలేదు. నీది పోయేదాకా ఆగకుండా గుడికి రా.