ఆవకాయ తొట్టిలో ఎర్ర గాజు

మార్చి నుంచీ మా వదిన ఒకటే పోరు. "ఈసారి ఆవకాయ మనవల్ల కాదే. మీ అన్నయ్య స్టెంటు వేయించుకుని కూర్చున్నారు. నాకు చూస్తే భుజం లేవట్లేదు. నూజివీడులో ఎవరో రాజేశ్వరి గారట, కళ్ళెదుటే కలిపి ఇస్తారట. వెళ్ళొద్దాం పద" అంది. కొన్న ఆవకాయ మీద నాకు నమ్మకం తక్కువ. అయినా మామిడికాయ కాలంలో ఆ తోటల మధ్య ఒకరోజు గడపొచ్చు కదా అని బయల్దేరాను. మీలో ఎవరైనా ఇలాగే వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను గాని, రాయాల్సింది వేరే విషయంగా మారిపోయింది.

విజయవాడ బస్టాండులో ఏడింటికి ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు అక్కర్లేదు. గంటన్నర ప్రయాణం. ఆగిరిపల్లి దాటాక రెండు వైపులా తోటలే, కొమ్మలకి కాయలు నేల తాకేంతగా వేలాడుతున్నాయి. నూజివీడులో దిగి మైలవరం రోడ్డుకి ఆటో మాట్లాడుకున్నాం, వంద అడిగి ఎనభైకి వచ్చాడు. "పచ్చళ్ళ మేడం గారింటికేనాండీ? నా సెల్ఫోను కూడా లోపలికి రానివ్వదండీ ఆవిడ. అద్దం పగిలిందంట, పచ్చడికి దిష్టి కొడుతుందా ఏంటి?" అని నవ్వాడు డ్రైవరు.

షెడ్డు గుమ్మం పక్కన గోడకి వరసగా మేకులు. ప్రతి మేకుకీ ఒక గుత్తి గాజులు, పచ్చవి, ఎర్రవి, పసుపువి. పనికొచ్చే ఆడవాళ్ళు తీసి తగిలించినవి. యాభై ఏళ్ళ రాజేశ్వరి గారు కళ్ళజోడు తాడు సరిచేసుకుంటూ ఎదురొచ్చారు. ఈ ఊళ్ళో మామిడికాయల వ్యాపారుల ఇంటి కోడలు. "గాజులు, ఫోను ఇక్కడ పెట్టి రండమ్మా. లోపల గాజన్నది ఉండకూడదు. ట్యూబులైట్లకి కూడా తొడుగులు వేయించాను. నా కళ్ళజోడూ ప్లాస్టిక్కే. టీ స్టీలు గ్లాసులోనే."

నా చేతికి ఉన్నవి తీసి తగిలించాను. వదిన వెనక్కి తిరిగి మట్టిగాజులు తీసింది, అన్నీ తీయలేదు. ఒక్క ఎర్రగాజు మోచేతి దాకా తోసి, వాళ్ళిచ్చిన తెల్లకోటు చెయ్యి కిందికి లాక్కుంది. నేను చూశాను. నా చెవిలో, "మీ అన్నయ్య ఒంట్లో బాగోలేనప్పుడు చేతులు బోడిగా పెట్టుకోమంటావా?" అంది. చెప్పాలా వద్దా? అక్కడున్న ముత్తయిదువులంతా తీసేశారు కదా అనిపించింది. ఒక్కదానితో ఏమవుతుందిలే అని కూడా అనిపించింది. రెండిట్లో ఏది సరో తేల్చుకునేలోపే లోపలికి వెళ్ళిపోయాం.

లోపల కొత్త ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలింది. రెడ్డిగూడెం నుంచి తెల్లవారుజామునే వచ్చిన కాయ. తుడిచి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, స్టీలు తొట్టిలో కలుపుతున్నారు. కలిపే చోట పెద్దరికం ఎలీశమ్మది. మోచేతుల దాకా గ్లవ్సు. చాట్రాయిలో పెళ్ళికట, సాయంత్రం క్యాటరింగాయన వచ్చి తొట్టి మొత్తం పట్టుకెళ్తాడు. "ఈ ఏడాది మొదటి పెద్ద ఆర్డరండీ. నచ్చితే సీజనంతా నా దగ్గరే తీసుకుంటానన్నాడు" అన్నారు రాజేశ్వరి గారు, కాస్త సిగ్గుపడుతూ.

నేల మీద పసుపుగీత ఉంది, దాటొద్దన్నారు. వదిన దాటింది. "ఒక్క ముక్క ఇవ్వు ఎలీశమ్మా, ఉప్పు చూస్తా" అని తొట్టి మీదికి వంగి చెయ్యి చాపింది. గాజు మణికట్టు దాకా జారింది. తొట్టి అంచుకి తగిలి టక్కుమంది.

చిన్న చప్పుడే. కాని ఎలీశమ్మ చేతులు పచ్చట్లోనే ఆగిపోయాయి.

"ఎవరూ కదలొద్దు" అన్నారు రాజేశ్వరి గారు. అందరి చెప్పుల అడుగులూ చూపించమన్నారు. వదిన కోటు విప్పించి బల్ల మీద దులిపించారు. నేల మీద రెండు ముక్కలు, కోటు చేతిలో రెండు, ఆవకాయ పైన నూనెలో ఒకటి. తెల్ల పళ్ళెంలో వాటిని అంచులు కలుపుతూ గుండ్రంగా పేర్చారు. గాజు దాదాపు పూర్తయింది. ఒకచోట మాత్రం వడ్లగింజంత ఖాళీ.

మళ్ళీ నేలంతా తుడిచారు. దొరకలేదు.

"ఆ గాజు ముందే చిట్లిందేమోనండీ! బస్సులోనే రాలిపోయిందేమో" అంది వదిన.

"అయ్యుండొచ్చమ్మా. కాదని నేననను. ఔనని మీరు చెప్పగలరా?"

వదిన నా వైపు చూసింది. నేను గాజుని చూశాను, నిండుగా ఉందో లేదో మాత్రం చూళ్ళేదు. అదే చెప్పాను.

"అయితే పారబోయాల్సిందే" అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు. తొట్టెడు ఆవకాయ పారబోయడమేంటి? "ముక్క ముక్కా ఏరుకుంటాం అమ్మగారూ, మేమందరం కూర్చుంటే గంట పని" అంది ఎలీశమ్మ. "అమ్మకపోతే మానెయ్యండి, మా ఇళ్ళకి తీసుకుపోతాం" అంది ఇంకొకామె.

"ఎర్ర కారంలో ఎర్ర గాజు ఎక్కడ ఏరతారే? పళ్ళకింద కరుక్కుమంటే ఏమనుకుంటాం? టెంక అనుకుని ఇంకా గట్టిగా నములుతాం. మీ పిల్లలు మాత్రం పిల్లలు కారా?"

నలుగురు కలిసి తొట్టిని పెరట్లో గోతి దాకా మోశారు. మామిడి ముక్కలు, వెల్లుల్లి, మెరిసే నూనె ఒక్కసారిగా మట్టిలో పడ్డాయి. ఎవరూ ఆశపడి తీయకుండా పైన ఫినాయిలు పోశారు. కొత్తావకాయ వాసనలో ఫినాయిలు వాసన. నేలమీద పడ్డ మెతుకు కళ్ళకద్దుకుని తీసే ఇంట్లో పెరిగినదాన్ని, చూస్తూ నిలబడిపోయాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజేశ్వరి గారు క్యాటరింగాయనకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. అవతల కేకలు మాక్కూడా వినిపించాయి. "రేపు పొద్దున్నకి ఇస్తానండీ... పోనీ ఈ రాత్రికే..." ఫోన్ కట్టయింది. "మైలవరంలో ఇంకెవరి దగ్గరో తీసుకుంటాడట" అన్నారు. మా మీద ఒక్క మాట విసరలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

వదిన డబ్బు ఇస్తానంది. "డబ్బు సంగతి కాదండీ" అని ఆవిడ అటు తిరిగిపోయి, ఇంకో ఆటో కాయ పంపమని చాట్రాయి తోటకి ఫోన్ చేశారు. "కొనేవాడు లేకపోతే ఎందుకండీ?" అని అడిగాను. "ఆవపిండి కొట్టించేశాను. మనుషులకి పని చెప్పాను. కలిపి పెడితే ఎవరో ఒకరు రాకపోతారా?"

కాయ రెండింటికి వచ్చింది. వదిన గుమ్మం దగ్గరికెళ్ళి, పుస్తెలు, ముక్కుపుడక తప్ప ఒంటిమీదున్నవన్నీ తీసి తన సంచీలో వేసింది, బంగారు గాజులతో సహా. తిరిగొచ్చి గుడ్డ తీసుకుని కాయలు తుడవడానికి కూర్చుంది. ఎలీశమ్మ ఓరగా చూసి, "ఇప్పుడు వచ్చావమ్మా దారికి. వస్తూనే ఆ చెయ్యి లేవదన్నావు?" అంది. "లేవకపోతే ఇంకో చెయ్యి లేదా?" అంది వదిన. నేనూ కూర్చున్నాను. చీకటిపడే వేళకి బస్సెక్కాం. దారంతా వదిన ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకునే కూర్చుంది. ఇంట్లో అన్నయ్య, "గాజులేవీ?" అని అడిగితే, "బరువుగా ఉన్నాయి" అంది.

ఆ పెళ్ళివాళ్ళ ఆర్డరు తిరిగి రాలేదు. రెండో తొట్టి ఎవరు కొన్నారో నాకు తెలియదు, మేం తెచ్చుకున్న మూడు కిలోలు తప్ప. ఆ వడ్లగింజంత ముక్క నిజంగా ఆ ఆవకాయలో ఉందో, ఆగిరిపల్లి రోడ్డు మీద ఉందో ఇప్పటికీ తెలియదు. నాకు ప్రతిదానికీ అనుమానమే, తేల్చుకోలేక ఏదీ చెయ్యను. ఆవిడకీ అనుమానమే కలిగింది, తొట్టి ఎత్తి పారబోశారు. మొన్న అన్నంలో ఆవకాయ కలుపుకుంటుంటే మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. జాడీలోకి మోచేతుల దాకా దించి కలుపుతుంటే గలగలమనే రెండు చేతుల నిండా గాజులు. ఆ చప్పుడు వినడానికే పక్కన చేరేవాళ్ళం. ఎన్ని వేసవుల్లో ఎన్ని చిట్లాయో ఎవరు చూశారు? పళ్ళకింద కరుక్కుమన్నదంతా టెంకేనని నమ్మి నమిలాం. ముద్ద నోటిదాకా వచ్చి కాసేపు అక్కడే ఆగింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మట్టిగాజులు ఇంట్లోనే తీసిపెట్టి బయల్దేరండి, ఆ ఒక్కటీ కూడా. ఇంట్లో కలుపుకున్నా అంతే.